పసుపు చేతికి తెరుచుకోని తలుపు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా మీకొక తలుపు చూపించి "ఇది చాలా భద్రంగా ఉంది" అంటే, వెంటనే అడగండి: "ఎవరి నుంచి?" ఈ ఒక్క ప్రశ్న వల్ల నాకు మెమో వచ్చింది. "ఆ మేడంతో మాట్లాడేముందు మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి" అన్న పేరు కూడా వచ్చింది. అయినా అడగమనే చెప్తాను.

నేను పనిచేసింది భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ప్రభుత్వ భాండాగారంలో. భాండాగారం అంటే మా నేలకొండపల్లి చుట్టాలు వడ్ల గోదాం అనుకునేవాళ్లు. "ఏం నిల్వ జేస్తరే అండ్ల?" అంటే "పాత కాగితాలు" అనేదాన్ని. "కాగితాలకు గూడ దొంగలుంటరా?" అని నవ్వేవాళ్లు. సర్వే పటాలు, అటవీ హద్దుల ఫైళ్లు, ముసలివాళ్ల దగ్గర రికార్డు చేసిన పాటల టేపులు మా దగ్గర ఉండేవి. ఈ అడవి అంచున ఒక పటం పోయిందంటే ఒక ఊరు తన పొలం ఎక్కడుందో చూపించుకోలేని రోజు వచ్చిందన్నమాట. అది నవ్వులాట కాదు.

మరి ఇంత విలువైనవాటికి మా భద్రత ఏమిటంటే, ఒక ఇత్తడి తాళం. దాని చెవి మా ఆఫీసరు సారు గదిలో క్యాలెండరు వెనక మేకుకు వేలాడేది. అది పెద్ద రహస్యం. సారుకు తెలుసు, నాకు తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, చాయ్ తెచ్చే అతనికి తెలుసు, ఆ చాయ్ డబ్బుల కోసం వచ్చే వాళ్ల బావమరిదికి కూడా తెలుసు. ఒకరోజు పొద్దున్నే వచ్చేసరికి తాళం తెరిచి వేలాడుతోంది. లోపల ఏమీ పోలేదు. కానీ ఆ మాట పైదాకా పోయింది. అక్కడినుంచి తలుపులన్నిటికీ ఎలక్ట్రానిక్ తాళాలు మంజూరయ్యాయి. మామూలు మరమ్మతుకు ఏళ్లు పట్టే మా శాఖలో అది అంత తొందరగా ఎట్లా జరిగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

వాటిని బిగించడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. కుర్రతనం పోలేదు గానీ పని తెలిసినవాడు. తలుపు పైన ఒక బలమైన అయస్కాంతం, పక్క గోడకు వేలిముద్ర చూసే యంత్రం. వేలు కలిస్తే పచ్చలైటు, లేకపోతే ఎర్రలైటు.

"కరెంటు పోతే?" అన్నాను.

"బ్యాటరీ ఉంది మేడం."

"బ్యాటరీ కూడా అయిపోతే?"

"అయస్కాంతం వదిలేస్తది. తలుపు తెరుచుకుంటది. లోపల మనిషి ఇరుక్కుంటే బయటపడాలి గదా."

"అంటే దొంగ ఓపికగా కూర్చుంటే చాలన్నమాట."

"దొంగకు అంత ఓపికుంటే దొంగెందుకైతడు మేడం? మీ లెక్క గవర్నమెంటు నౌకరి చేసుకుంటడు."

ఆ రోజు నుంచి ఆ అబ్బాయంటే నాకు గౌరవం. నాకు ఎదురు చెప్పేవాళ్లు ఆఫీసులో తక్కువ.

కారిడార్ గోడకు ఒక ఎర్రడబ్బా కూడా పెట్టాడు. నిప్పంటుకున్నప్పుడు దాని అద్దం నొక్కితే సైరన్ మోగుతుంది, భవనంలోని తలుపులన్నీ ఒక్కసారే విడిపోతాయి. "ప్రమాద సమయంలో మాత్రమే" అని దానిమీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ ఉన్నా ఒక మామూలు తాళంచెవి కూడా ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. సారు తల ఎత్తకుండానే, "ఉంటే అది మళ్ల క్యాలెండర్ వెనకకే పోతదమ్మా" అన్నారు. అది నిజమే. వాదనలో ఓడిపోతే నేను ఒప్పుకుంటాను. ఎప్పుడో గానీ జరగదు కాబట్టి బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు పడిగె సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ తలుపు కథే లేదు.

మా ఆఫీసుకు ఎగువన, వాగు ఒడ్డున ఒక కోయగూడెం ఉంది. ఆ గూడెంలోని ఒక వంశం వాళ్లకు పడిగె అని ఒక పొడుగాటి మూడుమూలల గుడ్డ ఉంది. దానిమీద తమ పెద్దలు ఎక్కడ పుట్టారు, ఏ వాగు దాటారు, ఎవరితో వియ్యమందారు అన్నది బొమ్మలుగా కుట్టి ఉంటుంది. రాసి పెట్టుకునేవాళ్లకు కాగితమెట్లాగో వాళ్లకు అది అట్లా. ఊరూరికీ పద్ధతి మారుతుంది, నేను చెప్పేది ఈ ఒక్క గూడెం సంగతే. అక్కడ పడిగెను ఒక చెక్కపెట్టెలో పెట్టి వంశపెద్ద ఇంట్లో ఉంచుతారు. ఆ పెట్టె తాళంచెవి మాత్రం ఆ ఇంట్లో ఉండదు. వాగు అవతల వియ్యపోళ్ల ఊళ్లో ఉంటుంది.

ఇంకా ఇత్తడి తాళమే ఉన్న రోజుల్లో, ఒక వానకాలం ఆ పెట్టెకు చెదలు పట్టింది. వంశపెద్ద, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, పెట్టెను నెత్తిన పెట్టుకుని తనంతట తనే మా దగ్గరికి నడిచి వచ్చాడు. వెంట తాళంచెవి ఉన్న ఆడమనిషి. నా వయసుదే, నా అంత నోరూ ఉంది. పెట్టె తెరిస్తే పడిగె అంచులు జల్లెడలాగా ఉన్నాయి. బట్టలు బాగుచేసే ఒకామె వచ్చి నెలల తరబడి కూర్చుని, వెనక మెత్తటి గుడ్డవేసి ఒక్కో పోగూ కుట్టింది. వెళ్లేటప్పుడు ఆమె నాతో అన్నది ఒక్కటే మాట: "ఇంకో వానకాలం ఆ గుడిసెలో ఉంటే ఇది ఉండదు."

పెద్దాయన పెట్టిన షరతూ ఒక్కటే. "పండుగనాడు మా పడిగె వాగుకు పోవాలె. తానం జేసి మళ్ల మీ ఇంటికొస్తది. ఆ ఒక్కరోజు మాది." సారు సరే అన్నారు. మొదటి ఏడు అంతా సులువుగా జరిగింది. పెద్దాయన పసుపు పూసుకున్న చేతులతో వచ్చాడు, నేను క్యాలెండరు వెనకనుంచి తాళంచెవి తెచ్చి ఇచ్చాను, వాళ్లు పడిగె తీసుకుని డోళ్లతో పోయారు. తిరిగిచ్చిన చెవికి అంటిన పసుపును నా చీరకొంగుకే తుడుచుకున్నాను. అంత దగ్గరగా చూశాను దాన్ని.

ఆ మరుసటి ఎండాకాలంలో కొత్త తాళాలు వచ్చాయి. పడిగె గదికి ఎవరెవరి వేలిముద్రలు పెట్టాలని సారు అడిగితే పెద్దాయన తేల్చి చెప్పాడు: "పెద్దసారు, నేను. ఇంకెవ్వరు పోవద్దు." నాకు ఒళ్లు మండింది. అంతకాలం కంటికి రెప్పలాగా చూసుకుంది నేను. ఇక ఆ గది ఊడవాలన్నా సారు వచ్చి వేలు పెట్టాలి. సరే, ఆయన వేలికీ ఒక పని దొరికిందని సరిపెట్టుకున్నాను.

పెద్దాయన వేలిముద్ర తీసుకోవడం ఒక చిన్న జాతరలాగా జరిగింది. పైనుంచి ఒక అధికారి వచ్చాడు, ఫోటోలు తీశారు. చాలాసార్లు నొక్కించాక యంత్రం ఒప్పుకుని, ఆడగొంతుతో "థ్యాంక్యూ" అంది.

"నాకేనా?" అన్నాడు పెద్దాయన.

"నీకే" అన్నాను.

"మంచిగ మాట్లాడుతది" అన్నాడు.

మళ్లీ పండుగ వచ్చింది. ఆ రోజు సారు హైదరాబాదులో మీటింగులో ఉన్నారు. పెద్దాయన వేలుందిగదా, సారుతో పనేముంది అనుకున్నాం. పొద్దున్నే డోళ్ల చప్పుడు వినిపించింది. ముందు పెద్దాయన, పక్కన తాళంచెవి ఆమె, వెనక డోలు వాయించేవాళ్లు, ఆడవాళ్లు. కారిడార్ నిండిపోయింది. పెద్దాయన యంత్రం ముందు నిలబడి బొటనవేలు ఎత్తాడు. మోచేతిదాకా నూనెలో కలిపిన పసుపు. మందంగా, నిగనిగలాడుతూ.

ఎర్రలైటు. "ప్లీజ్ ట్రై అగైన్."

"ఏమంటందామె?"

"మళ్ల పెట్టమంటంది."

మళ్లీ పెట్టాడు. ఎర్రలైటు. ఇంకో వేలు, ఎడమచెయ్యి, మెల్లగా, గట్టిగా. యంత్రం అద్దం మొత్తం పసుపుమయం అయిపోయింది. చివరికి ఆ గొంతు కూడా ఆగిపోయి, ఊరికే కీచుమని అరవడం మొదలుపెట్టింది.

వాచ్‌మన్ తన తువ్వాల ఇచ్చాడు. "తుడుచుకో పెద్దాయనా, ఒక్క వేలేగద."

పెద్దాయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. పసుపు పెట్టుకున్న చెయ్యిని వాగులో పడిగెతో కలిపే కడగాలి, నడుమ తుడవకూడదు. అది ఆ ఇంటి పద్ధతి. గుంపులోంచి ఒక యువకుడు, "తాతా, దేవుడేమనుకోడు, తుడువు" అన్నాడు. పెద్దాయన కోయలో ఏదో అన్నాడు. యువకుడు వెనక్కి జరిగాడు.

నేను ఇంజినీరుకు ఫోన్ చేశాను. "ఇక్కణ్నుంచి తెరవొచ్చు మేడం. కాని ఓటీపీ సారు ఫోనుకే పోతది." సారు ఫోను స్విచ్చాఫ్. మీటింగులో ఉన్న ఇంకొకాయనకు చేశాను, అదీ స్విచ్చాఫ్. "ఓటీపీ లేకుండ తెరిస్తే నా నౌకరి పోతది మేడం" అన్నాడు ఇంజినీరు, గొంతు చిన్నది చేసి. అతను చెప్పింది నిజం.

చివరికి పెద్దాయనతోనే వాదనకు దిగాను. "నీ దేవునికి నా మిషను సంగతి తెల్వదా పెద్దాయనా? ఈ ఒక్కసారికి సర్దుకోడా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. "నీ మిషనుకు మా దేవుని సంగతి తెల్వకపాయె. ఎప్పుడు జూసినా సర్దుకునుడు మేమేనా మేడమ్మా?"

ఇందాక చెప్పానుగదా, ఎప్పుడో గానీ ఓడిపోనని. ఇది రెండోసారి.

అప్పుడు తాళంచెవి ఆమె ముందుకు వచ్చింది. "ఏంది ఇంకా చూసుడు? ఇయ్యాల పడిగె బయటకి రాకపోతే, ఎన్నడు తలుపు తెరుస్తరో ఆనాడు పెట్టె తీస్కపోతం. మళ్ల తేము."

"తీసుకపోతే చెదలు తింటయి" అన్నాను.

"తిననియ్. మా ఇంట్ల మా చెదలు. వాటికి వేలు జూపియ్యనక్కర్లేదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈమె అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు, ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. బట్టలు బాగుచేసినామె మాట చెవిలో మోగుతూనే ఉంది. ఈ తలుపు ఈరోజు తెరుచుకోకపోతే ఆ పడిగెకు వచ్చే వానకాలమే చివరిది. దొంగ నుంచి కాపాడామని ఆఫీసులో రాసుకుంటాం, చెదల నోట్లో మన చేతులతోనే పెట్టినవాళ్లమవుతాం.

గోడకున్న ఎర్రడబ్బా వైపు చూశాను. నా చూపు ఎటు పోయిందో వాచ్‌మన్ గమనించాడు.

"మేడం, వద్దు."

"అన్నా, నువ్వు గేటు కాడ ఉన్నవ్."

"ఈడనే ఉన్న గద?"

"లేవు. గేటు కాడ ఉన్నవ్. గేటు మూసి, నేను చెప్పేదాక ఎవ్వర్నీ రానియ్యకు."

ఒక క్షణం నన్ను చూసి, చెప్పులు టపటపలాడించుకుంటూ పోయాడు. మంచిమనిషి.

అద్దం నొక్కితే పడిగె గది ఒక్కటే తెరుచుకోదు. పటాల గది, ఫైళ్ల గది, టేపుల గది, అన్నీ విడిపోతాయి. ఏ ఒక్క కాగితం కదిలినా నన్ను ఏ దేవుడూ కాపాడడు. డోలు వాయించేవాళ్లను పిలిచి చెప్పాను: "ఒక్కో తలుపుకు ఒక్కరు నిలబడాలె. ఎవరొచ్చినా సరే, మా సారు వచ్చినా సరే, లోపలికి పోనియ్యద్దు."

"మీరొస్తే?" అన్నాడొకడు.

"నన్ను అసలే పోనియ్యద్దు."

వాళ్లు డోళ్లు మెడలో వేసుకునే తలుపులకు అడ్డంగా నిలబడ్డారు. నేను అద్దం నొక్కాను.

ఆ సైరన్ గోదావరి దాటి సారపాక దాకా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. అంత కాకపోయినా, రోడ్డుమీద హోటల్లో దోసె తింటున్నవాళ్లు లేచి వచ్చారన్నది నిజం. ఠక్కుమని అయస్కాంతాలన్నీ వదిలేశాయి. పెద్దాయన మోచేత్తో తలుపు తోసుకుని లోపలికి నడిచాడు, వెనక తాళంచెవి ఆమె. నేను గడప బయటే నిలబడ్డాను. సైరన్‌ను ఎట్లా ఆపాలో నాకు తెలియదు. తలుపుల దగ్గరున్నవాళ్లకు ఆ గోల సహించరానిది అయిందేమో, ఒకడు డోలు మొదలుపెట్టాడు, మిగతావాళ్లు అందుకున్నారు. కాసేపటికి ఏది ఏ చప్పుడో తెలియలేదు. ఆ హోరులోంచి పెద్దాయన చేతులమీద పడిగె బయటకు వచ్చింది. కొత్తగా కుట్టిన అంచు గాలికి కొద్దిగా కదిలింది.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజను కూడా వచ్చింది. "నిప్పెక్కడమ్మా?" అని ఒకాయన అడిగాడు. "ఆరిపోయింది" అన్నాను. ఆయన ఊరేగింపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, చెప్పులు విడిచి పడిగెకు దండం పెట్టుకున్నాడు. ఆ సైరన్‌ను ఆపింది కూడా ఆయనే.

పడిగె స్నానం చేసి తిరిగి వచ్చేదాకా డోళ్లవాళ్లలో సగంమంది ఆ తలుపుల దగ్గరే ఉన్నారు. తర్వాత అన్నీ సరిచూసుకున్నాం. ఒక్క గుండుసూది కదలలేదు.

సారు మరునాడు వచ్చారు. "నేను దొరక్కపోతే ఆగాలెగదమ్మా" అన్నారు.

"పండుగ ఆగదు సార్."

మెమో వచ్చింది. నిప్పు లేకుండా అలారం ఎందుకు నొక్కారో సంజాయిషీ ఇవ్వమని. నేను రాసిన జవాబు చిన్నదే. "లోపల ఉన్నది ఎవరిదో వాళ్లకే తలుపు తెరుచుకోకపోవడం ప్రమాదం. ప్రమాద సమయంలో అద్దం నొక్కమని డబ్బామీద మీరే రాయించారు." ఆ జవాబు చదివి సారు ఇంజినీరును పిలిపించారు. చెడ్డమనిషి కాదాయన. ఫోను స్విచ్చాఫ్ చేసే అలవాటు తప్ప.

ఇంజినీరు వచ్చి ముందు యంత్రం దగ్గరికి పోలేదు. వాగు అవతలి ఊరికి పోయాడు, నన్నూ వెంటబెట్టుకుని. తాళంచెవి ఆమె ఇంటిముందు నులకమంచంమీద కూర్చుని అడిగాడు: "పెట్టె వాళ్లింట్ల, తాళం మీ ఇంట్ల. మరి వియ్యపోళ్లతోని కొట్లాటొస్తే ఎట్లక్కా?"

"వస్తది. అందుకే గద ఈడ పెట్టింది" అంది ఆమె. "ఎంత కొట్లాడినా పండుగకు వచ్చి అడుక్కోవాలె. మాట్లాడుకోవాలె. తాళం వాళ్లింట్లనే ఉంటే, సచ్చేదాక మాట్లాడుకోరు."

ఇంజినీరు నా వైపు తిరిగాడు. అతని ముఖంలో పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినవాడి వెలుగు. "మేడం, ఇది మా దాంట్ల కూడ ఉంది. ఇద్దరు కార్డులు పెడ్తెనే తలుపు తెరుచుకునేటట్టు. బ్యాంకులల్ల పెడ్తం. ఈ మిషన్ల మొదటినుంచి ఉంది, ఎవ్వరు అడగలే."

వేలిముద్ర తీసేసి రెండు కార్డులు పెడదామన్నాడు. ఒకటి వాగు అవతల తాళంచెవి ఆమె దగ్గర, ఒకటి మా ఆఫీసులో. ఏ ఒక్కటీ విడిగా పనిచేయదు. పసుపు చేతులున్న మనిషి దేన్నీ ముట్టుకోనక్కర్లేదు.

సారుకు ఒక్కటే అభ్యంతరం. "ప్రభుత్వ భవనానికి బయటి మనిషి దగ్గర కార్డు ఉండుడేంది?"

"లోపలున్నది వాళ్లది సార్. బయటివాళ్లం మనం."

ఆఫీసు కార్డు ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చినప్పుడు పెద్దాయనే చెప్పాడు. "ఈ మేడమ్మ దగ్గర పెట్టున్రి. కొట్లాడుతది. కొట్లాడేటోళ్ల కాడనే తాళముండాలె." కొంచెం ఆగి నవ్వాడు. "పెట్టె దాసేటోళ్లు మీరు, తాళం పట్టేటోళ్లు వాళ్లు. ఇగ మీరు మీరు వియ్యపోళ్లయిన్రు."

ఆ రోజు నుంచి తాళంచెవి ఆమె నన్ను మేడం అనడం మానేసి వదినా అంది. తన కార్డును పెట్టె తాళంచెవితో కలిపి ఒకే దారానికి కట్టుకుంది. పండుగ పండుగకూ తలుపు దగ్గర నిలబడి ముందు ఎవరు కార్డు పెట్టాలని ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. యంత్రానికి ఎవరు ముందైనా ఒకటే. మాకు కాదు.

ఆ తర్వాత చుట్టుపక్కల గూడేలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తలుపు చూసి, అడిగి, తెలుసుకుని వెళ్లారు. కొందరు తమ పెట్టెలు తెచ్చారు. కొందరు తేలేదు, అదీ మంచిదే. ప్రతి పెట్టెతోనూ ఒక పద్ధతి వచ్చేది, ఒక వాదన వచ్చేది, ఇంజినీరుకు ఒక ఫోను పోయేది. "చెప్పున్రి మేడం, ఈసారి ఎవరు ఎవరితో మాట్లాడాలె?" అనేవాడు.

మోకాళ్లు మొరాయించి, గడువుకు ముందే నేను ఉద్యోగం మానుకున్నాను. మానుకున్న సాయంత్రమే నా కార్డు ఆపేశారు. నియమం అది, దాన్ని రాసింది కూడా నేనే. నా స్థానంలో ఒక కొత్త అమ్మాయి వచ్చింది.

మొన్న పండుగకు ఖమ్మం నుంచి బస్సెక్కి వెళ్లాను. బస్సు దారిలో పాడైంది. నేను చేరేసరికి కారిడార్ నిండా జనం, డోళ్లు ఆగి ఉన్నాయి, తలుపు మూసే ఉంది. మళ్లీ ఏమైందోనని జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. పెద్దాయన పసుపు చేతులు ముందుకు చాచి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కొత్త అమ్మాయి ముఖంలో ఏడుపు ఒక్కటే తక్కువ.

"నేను నా కార్డు పెట్టిన మేడం, ఈమె పెట్టట్లేదు" అంది నన్ను చూసి.

"మా వదిన రావాలంటిగద" అంది తాళంచెవి ఆమె తాపీగా. "వచ్చింది. ఇగ పెడ్త."

"నా కార్డు ఎన్నడో చచ్చిపోయింది వదినా" అన్నాను. "నాతో ఏం పని?"

"కార్డు చస్తే నువ్వు చచ్చినవా? ఒచ్చి ఈడ నిలబడు."

వెళ్లి నిలబడ్డాను. కొత్త అమ్మాయి మళ్లీ కార్డు పెట్టింది, తర్వాత ఆమె పెట్టింది. పచ్చలైటు వెలిగింది. ముందు ఎవరు పెట్టాలో పోట్లాడలేదేమని నేను ఆ పిల్లను అడిగితే తెల్లముఖం వేసింది. నేర్చుకుంటుంది.

పాత వేలిముద్రల యంత్రం ఇప్పటికీ ఆ గోడకే ఉంది, వైర్లు తీసేసి. దాని అద్దంమీద పెద్దాయన బొటనవేలి పసుపు ఎండి గట్టిపడిపోయింది. ఎవరైనా పెద్దవాళ్లు తనిఖీకి వస్తే బాగుండదని, తుడిచేద్దామా అని ఆ అమ్మాయి అడిగింది.

వద్దని చెప్పి వచ్చాను. ఎవరైనా అడిగితే వాదించమని కూడా చెప్పి వచ్చాను.